మామిడిగూడలో మళ్లిన బాణాలు

శనివారం మధ్యాహ్నం రామ్మోహనరావు ప్రగతి నగర్ చెరువు పక్కనున్న కిరాణా కొట్లో అయిదు కిలోల ముగ్గుపిండి కొన్నాడు.

"ఇంట్ల బతుకమ్మ జోరుగున్నట్టుంది సార్," అన్నాడు కొట్టు మనిషి, సంచి మూతికి పురికొస చుడుతూ.

రావు తలను ముందు నిలువుగా, తర్వాత అడ్డంగా ఊపి బయటపడ్డాడు. ఆ రోజుల్లో ఆయన వీలైనంత వరకూ తలతోనే పని జరుపుకుంటున్నాడు. నోరు తెరిస్తే తెనాలి వినిపిస్తుంది. ఇరవై ఏడేళ్లుగా హైదరాబాదులో ఉంటున్నా ఆ యాస చెక్కు చెదరలేదు. రెండు వేల పదకొండు, సకల జనుల సమ్మె మూడో వారం. మియాపూర్ డిపోలో బస్సులు వరసగా పడుకుని ఉన్నాయి. ఆయన పనిచేసే ఆఫీసుకు తాళం పడింది. గేటు ముందు డేరాలో సమ్మెలో కూర్చున్న తోటి ఉద్యోగి రామచంద్రం రోజూ ఆయన్ను కేకేసి పిలిచి చాయ్ తాగించి పంపుతున్నాడు. ఎవరూ ఆయన్ను ఒక్క మాట అనలేదు. అయినా భయం భయమే. దానికి కారణం అక్కర్లేదు, టీవీ చాలు.

ఆ టీవీ ముందు నుంచి లేవకుండానే ఆయన భార్య కనకలక్ష్మి సంచిని చూసింది.

"ఇంత పిండే! కాలనీ అంతటికీ ముగ్గులు పెట్టొచ్చండీ."

"కాలనీకి కాదు కనకం, వికారాబాద్ దాకా."

"అయితే అది ముగ్గు కాదు, పిచ్చి."

పిచ్చి మాట ఎలా ఉన్నా, పని మాత్రం నిజమే. హైటెక్ సిటీ కంపెనీల్లో పనిచేసే ఓ పాతికమంది ఆదివారాలు సైబర్ టవర్స్ ముందు కలిసి, ఊరు దాటి గుట్టల్లోకీ వాగుల వెంటా సైకిళ్లు తొక్కుతారు. దారి ఎవరు కనిపెడితే వాళ్లే ముందురోజు వెళ్లి, మలుపు మలుపునా ముగ్గుపిండితో బాణం గుర్తులు వేసి రావాలి. మలుపుకు ముందొకటి, మలుపులో ఒకటి, సరైన దారిలోనే పోతున్నారని ధైర్యం చెప్పడానికి అవతల ఇంకొకటి. మరునాడు గుర్తులు వేసినవాడు అందరికంటే వెనక రావాలి. తాను గీసిన దారిలో ఎవరు పంక్చరై పడ్డా, ఎవరు కాళ్లు పీకి కూర్చున్నా వాళ్లను లేపుకుని రావడం అతని పూచీ. ఇది గుంపు కట్టుబాటు.

బంద్ రోజులు ఈ గుంపుకు పండగలు. లారీ ఉండదు, బస్సు ఉండదు, హారన్ ఉండదు. గచ్చిబౌలి నుంచి గండిపేట దాకా రోడ్డంతా వాళ్లదే. సైకిలు బండి కిందికి రాదు కనుక బంద్‌కు అడ్డం కాదని వాళ్ల నమ్మకం. ఇంతవరకూ ఎవరూ కాదనలేదు కూడా. అయితే పెద్ద రోడ్ల మీద ఎక్కడ రాళ్లు పేరుస్తారో, ఎక్కడ వంటా వార్పూ పెడతారో ముందుగా తెలియదు. కాబట్టి చిన్న దారులు కావాలి. చిన్న దారులు రావు దగ్గర ఉన్నాయి.

అవి ఎలా వచ్చాయో చెప్పాలి. ఆయన పుట్టిన ఊళ్లో ఎత్తు అంటే కాలవగట్టు. తూనికలు కొలతల శాఖలో ఉద్యోగానికి వచ్చిన కొత్తలో ఆయనకు హైదరాబాదు అంటే ఆఫీసు, ఇల్లు, నాంపల్లి స్టేషను, ఈ మూడే. నలభై ఆరో ఏట షుగరు తేలింది. డాక్టరు నడవమన్నాడు. నడక ఆయనకు విసుగు. గేర్ల సైకిలు కొన్నాడు. మొదటి రోజు గచ్చిబౌలి ఎత్తు సగం ఎక్కి, దిగి, సైకిలును తోసుకుంటూ పైకి పోయాడు. పక్కనుంచి ఒక ముసలాయన మామూలు సైకిలు మీద రెండు పాలక్యాన్లు వేలాడదీసుకుని బీడీ తాగుతూ దాటిపోయాడు. ఆ అవమానం ఆయన్ను మరునాడు మళ్లీ తీసుకొచ్చింది. నెల తిరిగేసరికి ఎత్తు ఎక్కడం వచ్చింది. ఎక్కిన ప్రతిసారీ ఆ అవతల ఇంకేముందో చూడాలన్న రోగం కూడా పట్టుకుంది. షుగరు తగ్గింది గాని ఈ రోగం తగ్గలేదు. అయిదేళ్లలో శంకర్‌పల్లి, మోమిన్‌పేట, వికారాబాద్ చుట్టుపక్కల ఏ గుట్ట వెనక ఏ ఊరుందో, ఏ తారుదారి ఏ మెట్టచెలకలో ఆగిపోతుందో తెలిసింది. ఆయన ఈ నేలను చూసింది సైకిలు మీది నుంచే.

గుర్తులు వేసే అవకాశం మాత్రం ఎప్పుడూ రాలేదు. గుంపును నడిపే లోహిత్, ముప్పై నిండని సాఫ్ట్‌వేర్ కుర్రాడు, ఆ పని తనే చేసేవాడు. ఇప్పుడు బంద్‌ల వల్ల పోయిన పనిరోజులకు బదులు కంపెనీలు శనివారాలు పని పెట్టాయి. లోహిత్‌కు తీరిక లేదు. "రావుగారూ, ఈసారి మీరే వేసెయ్యండి," అన్నాడు ఫోన్లో. రావు ఆ రాత్రి భోజనంలో పెరుగు మరిచిపోయాడు.

కనకలక్ష్మి టీవీ గొంతు తగ్గించింది.

"ఒక్క మాట చెప్తానండీ. రేపు సుఖంగా వెళ్లి సుఖంగా వస్తే నేనేం మాట్లాడను. రాయి పడిందనో, ఎవరో ఆపారనో, ఊరివాళ్లతో పేచీ అనో, ఏ ఒక్కటి విన్నా సైకిలు అటకెక్కుతుంది. ఈ గొడవ తేలేదాకా దిగదు."

"తేలేదాకా అంటే ఎప్పటిదాకా?"

"ఢిల్లీవాళ్లకే తెలియదు, నాకేం తెలుసు?"

ఆవిడ ఏదన్నా అంటే చేస్తుంది. కిందటేడు సిగరెట్లు అలాగే పోయాయి. రావు సంచిని స్కూటరు ముందు పెట్టుకుని బయల్దేరాడు.

మూతకు బెజ్జం పెట్టిన నీళ్ల సీసాలో పిండి నింపుకుని, ఆగిన చోటల్లా వంగి బాణాలు గీస్తూ శంకర్‌పల్లి దాటాడు. మొదటి బాణాలు చేపల్లా వచ్చాయి. పదో మలుపుకు చెయ్యి కుదిరింది. సాయంత్రం నాలుగింటికి మామిడిగూడ చేరాడు.

ఆ దారి మొత్తానికీ ప్రాణం మామిడిగూడ. అక్కడ రోడ్డు మూడుగా చీలుతుంది. తిన్నగా పోతే వికారాబాద్ పెద్దరోడ్డు, అక్కడ రేపు రాస్తారోకో ఉండొచ్చు. కుడివైపు కొత్తగా వేసిన నున్నటి తారురోడ్డు నేరుగా ఒక ఫామ్‌హౌస్ గేటు దాకా పోయి ఆగుతుంది. ఎడమవైపు సన్నటి పాతదారి చేలల్లోంచి వాలుగా దిగి మూసీని పట్టుకుంటుంది. చాదర్‌ఘాట్ దగ్గర ముక్కు మూసుకుని దాటే మూసీ ఇక్కడ ఇంకా ఏరే. మోకాలి లోతు నీళ్లు, అడుగున గులకరాళ్లు. దాని పక్కనే ఏడు కిలోమీటర్లు, ఒక గుట్ట చుట్టూ తిరిగి ఇంకో గుట్ట భుజం మీదికి ఎక్కి, సీతాఫలం పొదల మధ్య నుంచి పోతుంది దారి. రెండు నెలల కింద దాన్ని కనిపెట్టినప్పుడు రావు ఆగి, చుట్టూ ఎవరూ లేరని చూసుకుని, చిన్నగా ఈల వేశాడు.

చౌరస్తాలో రెండు, ఎడమదారిలో చామంతి చేను పొడుగునా ఒకటి, ఆయన మూడు బాణాలూ గీశాడు. చేలో పూలు కోస్తున్న ఒకామె నడుం ఎత్తి చూసింది. పేరు లచ్చమ్మ అని ఆయనకు మరునాడు తెలిసింది.

"ఓ సారూ! ఏందా గీసుడు?"

నెత్తిన హెల్మెట్టు, మెడలో గుడ్డ, చేతిలో తెల్లపిండి కారే సీసా. రావు తలెత్తాడు. చుట్టూ చూస్తే చౌరస్తాలో ఉద్యమం డేరా, డేరాలో నలుగురు మగవాళ్లు. పళ్లు కనిపించేలా నవ్వి, చెయ్యి ఊపి, స్కూటరు ఎక్కాడు.

"అడుగుతుంటె నవ్వుకుంట పోతవేంది? నోట్ల మాట లేదా?" అని వెనకనుంచి వినిపించింది. వినిపించనట్టు పోయాడు.

*

ఆదివారం తెల్లవారుతుండగా సైబర్ టవర్స్ ముందు ఇరవై ఒక్కమంది పోగయ్యారు. నానక్‌రాంగూడ అద్దాల భవనాల మధ్య నుంచి పోతుంటే చైన్ల చప్పుడు తప్ప ఏమీ లేదు. రావు కట్టుబాటు ప్రకారం వెనక ఉన్నాడు. ఆయనతో పాటు వాసంతి ఉంది. కాకినాడ అమ్మాయి, టెస్టింగ్ ఇంజనీరు, గుంపులో అందరికంటే నిదానం, ఆ సంగతి దాచుకోదు కూడా.

"నేనున్నంత కాలం మీకు తోకలో తోడు గ్యారంటీ అండి," అంది.

గండిపేట కట్ట మీద ఎండ ఇంకా పుట్టలేదు. శంకర్‌పల్లి దాటాక నేల ఎర్రబడింది. ఒక్కో ఎత్తు ఎక్కడం, పైన కాసేపు గాలి, మళ్లీ జారుడు. ప్రతి మలుపులోనూ తన బాణం తనకు ఎదురవుతుంటే రావుకు ఒళ్లంతా నిండుగా ఉంది. ముందువాళ్ల చక్రాలు వాటిమీంచి పోయి పిండి కాస్త చెదిరింది. అంటే చూసుకున్నారు, తిరిగారు. తన మాట మీద ఇరవైమంది తిరుగుతున్నారన్నది ఆఫీసులో ఆయనకు ఎన్నడూ జరగని విషయం. ఒక దిగుడులో వాసంతి చక్రం తుస్సుమంది. ట్యూబు మార్చేసరికి అరగంట పోయింది. గుంపు చాలా ముందుకు వెళ్లిపోయింది.

మామిడిగూడకు కాస్త ఇవతల ఫోను మోగింది. లోహిత్.

"రావుగారూ, రూటు సూపరండి. ఆ లాస్ట్ రోడ్డయితే నూనె రాసినట్టుంది. కానీ ఈ గేటు తియ్యట్లేదు."

"గేటేంటి?"

"పెద్ద ఇనప గేటు. లోపల రెండు కుక్కలు. వాచ్‌మన్ ఎవరు పంపారని అడుగుతున్నాడు. మీ పేరు చెప్పాను. తెలీదంటున్నాడు."

"నా రూట్లో గేటు లేదయ్యా."

"ఉందండీ. నేను దాని ముందే ఉన్నాను."

రావు చౌరస్తాకు వచ్చి ఆగాడు. కిందికి చూశాడు. ఎడమవైపు తిప్పిన తన బాణాల జాడ లేదు, నీళ్లు కొట్టి ఊడ్చిన చీపురు చారలు ఉన్నాయి. కుడివైపు, నున్నటి తారురోడ్డు మీద కొత్త బాణం. గీత ఎక్కడా వణకలేదు. మొన తేలింది. రెండువైపులా చుక్కలు, తోక దగ్గర ఒక తామరపువ్వు.

"మీ చెయ్యి బాగా తిరిగిందండీ," అంది వాసంతి. "పువ్వులు కూడా వేశారే!"

ఎవరో కావాలనే దారి మళ్లించారు. కనకలక్ష్మి చెప్పిన జాబితాలో ఇది ఎన్నోదో లెక్కపెట్టుకునే ఓపిక కూడా లేకపోయింది. సైకిలు అటక మీద, చక్రాలు పైకి పెట్టుకుని పడి ఉన్నట్టు కనిపించింది.

చౌరస్తాకు అడ్డంగా రాళ్లు పేర్చి, మధ్యలో మూడు పొయ్యిలు రాజేశారు. పెద్ద గంజుల్లో బియ్యం ఉడుకుతోంది. ఒకపక్క ఆడవాళ్లు వంకాయలు కోస్తున్నారు. ఇలా రోడ్డు మీదే వండి, రోడ్డు మీదే తిని, రోడ్డును ఆపడమే వంటా వార్పూ. మెడలో కండువా వేసుకున్న నడివయసు మనిషి గరిటె పట్టుకుని అజమాయిషీ చేస్తున్నాడు. అతన్ని అందరూ బాలనర్సన్నా అని పిలుస్తున్నారు. బాలనర్సయ్య వీళ్లిద్దరినీ చూసి గరిటెతో కుడివైపు చూపించాడు.

"మీ సర్వేవాళ్లు గిటే పోయిన్రు సార్. జల్ది పోండ్రి, మస్తుమంది ఉన్నరు."

"సర్వేవాళ్లా?" అంది వాసంతి.

రావు సైకిలు దిగాడు. తల ఊపి గట్టెక్కే ఘట్టం కాదిది. పందొమ్మిదిమంది తన పేరు చెప్పుకుని కుక్కల ముందు నిలబడి ఉన్నారు.

"మేం సర్వేవాళ్లం కాదండి. సైకిళ్లు తొక్కుకునేవాళ్లం. ఆ గుర్తులు నేనే వేశానండి, మావాళ్లకు దారి తెలియాలని. ఎడమవైపు వేశాను. అవి కుడికెలా తిరిగాయో కాస్త చెప్తారా?"

ఆడవాళ్ల చేతుల్లో కోసే వంకాయలు ఆగాయి. ఆయన అన్నది ఎవరూ వినలేదు, ఎలా అన్నాడో మాత్రం అందరూ విన్నారు.

"ఆంధ్రా సారా?" అన్నాడు బాలనర్సయ్య.

"అవునండి. తెనాలి దగ్గర."

"ఏం జేస్తవ్?"

"గవర్నమెంటు ఉద్యోగమండి. తూనికలు కొలతలు."

"సూసిన్రా!" అన్నాడు వెనక ఎవరో. "కొలతలంట! నేను రాత్రే చెప్పలే?"

"భూమి కొలతలు కాదండీ బాబూ! కిలోరాళ్లు. కిరాణా కొట్లలో కిలోరాళ్లు సరిగ్గా ఉన్నాయో లేదో చూసే శాఖ."

అప్పుడు వంకాయల గుంపులోంచి ఒకామె కత్తిపీట మీంచి లేచి వచ్చింది. నిన్నటి చామంతి చేను ఆమె. రావును పైనుంచి కిందికి చూసింది.

"అగో, నోరుంది ఈయనకు!"

ఒకరిద్దరు నవ్వారు. ఆమె నవ్వలేదు.

"నిన్న అంత పెద్దగ అడిగితిని. నవ్వుకుంట పోతివి. మా తల్లిగారి ఊరు పుప్పాలగూడ సారూ. ఒకనాడు పొద్దుగాల లేసి జూస్తె మా నాయిన చేన్ల గిట్లనే తెల్లగీతలు. గీసెటాయన్ని ఏంది సారూ అంటె నవ్విండు. పోయిండు. అచ్చం నీ లెక్కనే. ఆర్నెల్లకు మిషన్లు ఒచ్చినయ్, చేను రోడ్డయ్యింది. గిప్పుడు నా చేను పొంటి మల్ల గీతలు. మల్ల నవ్వుడు. నేనేమనుకోవాలె?"

రావు హెల్మెట్టు తీసి చేత్తో పట్టుకున్నాడు.

మిగతాది బాలనర్సయ్య చెప్పాడు. నిన్న సాయంత్రం ఇదే డేరాలో ఊరంతా కూర్చుంది. సర్కారువాళ్లందరూ సమ్మెలో ఉంటే సర్వే ఏమిటని కొందరికి అనుమానం వచ్చింది. సమ్మె అదను చూసుకునే, అడిగేవాడు ఉండడని దొంగతనంగా గీసిపోతున్నారని ఇంకొందరు తేల్చారు. గుర్తులు చెరిపేస్తే మళ్లీ వచ్చి గీస్తారు. అందుకని చెరిపి ఊరుకోకుండా మళ్లించాలని లచ్చమ్మే చెప్పింది. రోడ్డు ఎటూ పోక తప్పకపోతే ఫామ్‌హౌస్ మీంచే పోనీ. అది పట్నంలో ఉండే ఒక పెద్దమనిషిది. ఆయన ఇంటికి తారురోడ్డు వచ్చిన ఏడాదే ఊళ్లో బడిదాకా రావలసిన రోడ్డు ఆగిపోయింది.

"మగోళ్లు మేం గీస్తమన్నరు," అంది లచ్చమ్మ. "ఆళ్ల వంకర గీతకు దొరికిపోతమని మేమే ఏసినం. నువ్వు మూడు గీసినవని మేం గూడ మూడు గీసినం. చేను కాడ సున్నమేమో అనుకున్న. దగ్గరికొచ్చి ముట్టుకుని జూస్తె ముగ్గుపిండి! ముగ్గుపిండితోని సర్వే జేస్తున్నరంటె సర్కారు గింత గరీబయ్యిందా అని నవ్వుకున్నం."

"మరి పువ్వెందుకేశారండీ?" అంది వాసంతి.

"చెయ్యి ఊకుంటదా బిడ్డా? బతుకమ్మ దినాలాయె."

"పొద్దుగాల మీ మంది ఒచ్చిన్రు సార్," అన్నాడు బాలనర్సయ్య. "నెత్తిన టోపీలు, కండ్లకు అద్దాలు, అందరు ఒక్క తీరుగ. గీతను జూసుకుంట సర్రున కుడికి మలిగిన్రు. గింతమందితోని సర్వే అంటె నాలుగు లైన్ల రోడ్డే అనుకున్నం. గా పెద్దమనిషి ఇంట్లకెల్లే పోతదని మావోళ్లు చప్పట్లు గూడ కొట్టిన్రు."

వాసంతి సైకిలు మీద వాలిపోయి నవ్వింది. వంకాయల గుంపు అందుకుంది. రావుకు మాత్రం నవ్వు సగం దాకా వచ్చి ఆగింది, ఎందుకంటే లచ్చమ్మ ఇంకా ఆయన్నే చూస్తోంది.

"అది సరే. నిన్న ఎందుకు చెప్పకపోతివి?"

"నోరు తెరిస్తే నా యాస తెలుస్తుందని."

"తెలిస్తె?"

"ఏమోనమ్మా. రోజులు బాగాలేవు కదా."

"యాసేమన్న కరుస్తదా సారూ?" అంది లచ్చమ్మ.

ఈసారి డేరా మొత్తం నవ్వింది. బాలనర్సయ్య నవ్వి, గరిటె గంజులో పెట్టి, కాస్త నిదానంగా అన్నాడు. "మా కొట్లాట రాష్ట్రం కోసం సార్. ఒచ్చేదాక ఇడువం, ముందే చెప్తున్న. నువ్వు సైకిల్ తొక్కుకుంటె మాకేం అడ్డం? ఇంతకు నీ మందిని వాపస్ పిలువు. ఆ కుక్కలు మంచియి గావు."

రావు లోహిత్‌కు ఫోన్ చేశాడు. వాచ్‌మన్ గేటు తీయలేదు గాని గేటు కింది నుంచి నీళ్ల సీసాలు నింపి ఇచ్చాడట. ఆకలితో, చెమటతో, పందొమ్మిదిమంది పదిహేను నిమిషాల్లో వెనక్కి వచ్చారు. చౌరస్తాలో అసలు సంగతి విన్నాక లోహిత్ ఫామ్‌హౌస్ వైపు చూసి, "మన వల్ల ఆయనకు రాత్రి నిద్ర పట్టదేమో అండి," అన్నాడు. పట్టకపోతే ఇంకా మంచిదని బాలనర్సయ్య అన్నాడు.

ఇక బయల్దేరతామంటే రాళ్ల దగ్గరున్నవాళ్లు కదలనివ్వలేదు. రోడ్డు ఆపిన చోటికి ఎవరొచ్చినా తినకుండా దాటకూడదు, అది డేరా కట్టుబాటు. పోలీసులు కూడా తినే పోయారట. సైకిళ్లు గట్టుకు ఆనించి, గుంపంతా తారురోడ్డు మీద బారుగా కూర్చుంది. విస్తరాకుల్లో బగారన్నం, వంకాయకూర, పచ్చిపులుసు పడ్డాయి.

రెండో ముద్ద నోట్లో ఉండగా రావు ఫోన్ మోగింది. తెర మీద కనకలక్ష్మి. చేతులు చూస్తే నెయ్యీ నూనే. ఆయన తటపటాయిస్తుండగానే వడ్డిస్తున్న లచ్చమ్మ ఫోను అందుకుంది.

"ఆ, చెప్పమ్మా. మీ సారు మా కాడనే ఉన్నడు."

మా కాడనే ఉన్నడు అన్నది టీవీలో ఎలా వినిపిస్తుందో రావుకు తెలుసు.

"ఎవరండీ మీరు? ఆయనకేమైంది?" కనకలక్ష్మి గొంతు పక్కవాళ్లందరికీ వినిపించింది.

"ఏం గాలే. తింటున్నడు. దారి తప్పిన్రు, మేమే తప్పిచ్చినం. ఇగ కూసోబెట్టి పెడుతున్నం."

రావు కళ్లు మూసుకున్నాడు. అటక, చక్రాలు, దుమ్ము. దారి తప్పడం, ఊరివాళ్లు ఆపడం, రెండూ ఒక్క మాటలో చెప్పేసింది.

"ఏం పెట్టారండీ?" అంది కనకలక్ష్మి.

"బగారన్నం, వంకాయ."

"అన్నం ఎక్కువ వెయ్యకండి. ఆయనకు షుగరు."

"అయ్యో, షుగరా! చెప్పనే లేదు జూడు. నోరు తెరవడమ్మా ఈ మనిషి."

"ఇంట్లోనూ అంతేనండీ."

ఆ తర్వాత ఇద్దరూ అయిదు నిమిషాలు మాట్లాడుకున్నారు. చామంతుల ధర, వంకాయలో కారం, సమ్మెలో గ్యాస్ బండలు దొరక్కపోవడం, అన్నీ వచ్చాయి. రావు మాట మళ్లీ రాలేదు. చివరికి లచ్చమ్మ ఫోను ఆయన చెవి దగ్గర పెట్టింది.

"ఎవరూ కొట్టలేదుగా?" అంది కనకలక్ష్మి.

"లేదు. పెట్టారు."

"వచ్చేప్పుడు ఆవిణ్ణడిగి కాసిని చామంతులు తీసుకురండి. దేవుడి దగ్గరికి."

ఇంకేమీ అనలేదు, పెట్టేసింది. సైకిలు ఇక అటకెక్కదని రావుకు ఒక్క క్షణం ఆలస్యంగా అర్థమైంది. ఆయన మిగిలిన బగారన్నం వైపు చూసి, ఇంకొంచెం పెట్టించుకుందామనుకుని, లచ్చమ్మ మొహం చూసి మానుకున్నాడు.

భోజనాలయ్యాక లచ్చమ్మ చీపురు, చెంబు తెచ్చి ఆయన చేతికిచ్చింది. చౌరస్తాలో చెరిగాయి గాని, చేను పొడుగునా ముందుకు వేసిన ఒక బాణం అలాగే ఉంది. దాన్ని గీసినవాడే చెరపాలి. ఆయన మాట ఆమె నమ్మింది, గీతను మాత్రం నమ్మలేదు. రావు నీళ్లు చల్లి, వంగి, ఊడ్చాడు. రోడ్డు నల్లగా అయ్యేదాకా ఆమె పక్కనే నిలబడి చూసింది.

"మరి మావాళ్లకు దారి ఎలా తెలియాలమ్మా?"

"నువ్వున్నవు గద. నిలబడి చెప్పు."

రావు చౌరస్తాలో నిలబడ్డాడు. సైకిళ్లు ఒక్కొక్కటే వస్తుంటే చెయ్యి ఎడమవైపు చాపి, "ఇటండీ, కిందికి, ఏరు దాకా," అని ప్రతివాళ్లకూ చెప్పాడు. డేరాలో ఒకాయన ఆ మాటను అదే యాసలో పలికి చూశాడు. అంత బాగా కుదరలేదు. కడుపు నిండా తిన్నవాళ్లు ఎత్తులు ఎక్కలేరు గనుక దారి చివరనున్న అనంతగిరి గుట్ట మీదికి అయిదుగురే వెళ్లారు. మిగతావాళ్లు ఏట్లో కాళ్లు పెట్టుకుని కూర్చుని, ఎండ తగ్గాక వెనక్కి మళ్లారు. రావు రెండు మూరల చామంతులు సీటు కింది సంచిలో పెట్టుకుని ఎప్పట్లాగే అందరికంటే వెనక వచ్చాడు.

గుంపు కట్టుబాటులో ఒకటి మారింది. పొలాలు ఆనుకున్న చోట పిండి వెయ్యరు, మనిషి నిలబడతాడు. దసరా తర్వాతి ఆదివారం మళ్లీ మామిడిగూడ దారే కావాలని అందరూ అడిగారు. ఏరు కోసమో వంకాయ కోసమో ఎవరూ తేల్చి చెప్పలేదు. డేరా ఇంకా ఉంది, పొయ్యిలూ ఉన్నాయి. ఎసరు పెట్టాలంటే లెక్క కావాలని బాలనర్సయ్య ముందే చెప్పి పెట్టాడు. శనివారం సాయంత్రం రావు ఫోన్ చేసి, ముప్పై నలుగురమని చెప్పాడు.